కింది వరుస

ఆఫీసు, మూడో అంతస్తు
జూన్ 6

అక్కా,

కాలు నొప్పి తగ్గిందా? షాపు మెట్లు ఎక్కడం దిగడం మానమంటే మానవు. చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుడుతోంది గానీ నీ చెవికి మాత్రం ఎక్కడం లేదు.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరం ఏమిటంటావు. ఫోన్‌లో అయితే సగం విని "సరేలేరా" అని పెట్టేస్తావు. ఇది నువ్వు మొత్తం వినాలి.

నా దగ్గరికి ఒక పేటెంట్ దరఖాస్తు వచ్చింది. అచ్చయి అందరికీ అందుబాటులో ఉన్నదే, కాబట్టి నీతో మాట్లాడటంలో తప్పు లేదు. అంబులెన్స్ వ్యాన్లు బాగుచేసే ఒకావిడ పంపింది. బోర్డు నిండా చొక్కా గుండీ అంత ఇనుప బిళ్ళలు. ఒక వైపు నలుపు, ఒక వైపు పసుపు. అయస్కాంతం ఉన్న కలంతో గీస్తే బిళ్ళ తిరగబడి పసుపు పైకి వస్తుంది, అక్షరం పడుతుంది. కరెంటు అక్కర్లేదు. అయితే బండి కుదిపితే బిళ్ళలు మళ్ళీ నల్లబడిపోతాయి. లోపల ఉన్న రోగికి ఏ మందు ఎప్పుడు ఇచ్చారో రాసింది సగం దారిలో చెరిగిపోతే ఏమవుతుందో ఆలోచించు. ఆవిడ ఏం చేసిందంటే, బోర్డు వెనక ఫ్రిజ్ తలుపు చుట్టూ ఉంటుందే, లోపల బలహీనమైన అయస్కాంతం ఉన్న రబ్బరు పట్టీ, అది వరసగా అతికించింది. ఇప్పుడు ఎన్ని గుంతల్లో పడినా అక్షరం కదలదు. కలంతో తప్ప చెరగదు.

బిళ్ళల బోర్డు పాతదే. ఫ్రిజ్ పట్టీ అంతకన్నా పాతది. ఈ రెంటినీ కలపడం, ఆ పని తెలిసిన మామూలు మనిషికి ఇట్టే తట్టే సంగతా, కాదా? తడుతుందంటే పేటెంట్ లేదు. నేను కాదన్న మర్నాడే ఒక పెద్ద కంపెనీ అదే బోర్డు చేసి అమ్ముకుంటుంది. ఈ బోర్డు కోసం చేస్తున్న ఉద్యోగం కూడా వదిలేసిన ఆవిడ చూస్తూ ఊరుకోవాలి. నెలాఖరుకి తేల్చాలి. "ఇట్టే తడుతుంది" అని సగం రాసి పెట్టాను కూడా.

ఆ మామూలు మనిషి గురించి నీకెప్పుడూ చెప్పలేదు కదూ. చట్టం ఊహించుకున్న మనిషి. తన పనిలో అచ్చయిన ప్రతి కాగితం చదివి ఉంటాడు. చేతిపని బాగా వచ్చు. కొత్తగా ఊహించడం మాత్రం రాదు. నాకు పని నేర్పిన పెద్దాయన అతని కోసం బల్లకి అవతల ఒక కుర్చీ ఖాళీగా ఉంచేవారు. పాత కాగితాలు తేదీల వరసలో ఆ కుర్చీ ముందు పరవాలి. దరఖాస్తు బోర్లించి సొరుగులో పెట్టాలి. "ఏమయ్యా, ఇవి చూస్తే నీకేం తడుతోంది?" అని అడిగి, జవాబు రాసుకుని, అప్పుడే సొరుగు తెరవాలి. ఆయన పోయినా ఆ కుర్చీ నాకు మిగిలింది. ఈసారి తొందరలో నేను దరఖాస్తే ముందు చదివేశాను.

అప్పటినుంచి ఒక వింత. బిళ్ళల బోర్డు గురించి అచ్చయిన పాత కాగితం మీద ఫ్రిజ్ పట్టీ కాగితం పెట్టి సాయంత్రం ఇంటికి వెళ్తాను. పొద్దున వచ్చేసరికి రెండూ బల్లకి చెరో అంచున ఉంటాయి. మూడు రోజులుగా ఇదే. ఊడ్చే ఆవిడని అడిగితే, "నేను కాగితాలు ముట్టుకోను సార్. మీ ఎదురు సార్ లేచాకే ఊడుస్తాను" అంది. ఎదురు సార్ ఎవరమ్మా అన్నాను. "చెప్పులు విప్పి కూర్చుంటారే, ఆయన" అని బకెట్ పట్టుకుని వెళ్ళిపోయింది.

నాకు నిద్ర చాలడం లేదనుకుంటా. అది వదిలెయ్. నువ్వూ బావా ముప్పై ఏళ్ళు బోర్డుల షాపు నడిపారు. నువ్వు చెప్పు, తడుతుందా?

నీ తమ్ముడు

•

షాపు వెనక గది
జూన్ 13

ఒరేయ్ చిన్నోడా,

నా కాలి సంగతి తర్వాత, ముందు నీ బుర్ర సంగతి చూసుకో. ఖాళీ కుర్చీని ప్రశ్నలడగడమే నీ ఉద్యోగమని ముందే తెలిస్తే నీకు పిల్లనిచ్చేవాళ్ళు కాదు. చెప్పులు విప్పి కూర్చునేవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. మీ బావ కూడా అంతే, డాక్టరు గదిలో అయినా సరే, కుర్చీ కనిపిస్తే చెప్పులు బయటపెట్టాల్సిందే.

నీ ప్రశ్నకి జవాబు చెప్తాను విను. నువ్వు రాసిన బోర్డు మా ఇంట్లో ఉంది. నీకు గుర్తు లేదా? మీ బావ పదకొండేళ్ళు దాంతోనే కుస్తీ పట్టారు. మా షాపు ముందు రోడ్డు మీద లారీ పోతే చాలు, రాసిన అక్షరాలు జలజలా రాలిపోయేవి. జిగురు పెట్టి చూశారు, బిళ్ళ తిరగడం మానేసింది. స్ప్రింగులు పెట్టారు. నూనె పోశారు, నా గచ్చంతా పాడైంది. దొరికిన పుస్తకమల్లా చదివారు. ఐదేళ్ళ కిందట ఉన్నట్టుండి ఒక రోజు ఆపేశారు. ఎందుకని అడిగితే "ఇంకేముందే అందులో" అన్నారు. అప్పటినుంచి అది ఇంట్లో చీటీలు రాసుకునే బోర్డు అయింది. ఆ మనిషికి పదకొండేళ్ళు తట్టలేదంటే ఇంకెవరికి తడుతుంది?

ఇది చెప్పాలా వద్దా అని వారం ఆలోచించాను. నువ్వు కుర్చీ గురించి చెప్పావు కాబట్టి చెప్తున్నాను. మీ బావ పరీక్షలకని ఆసుపత్రికి వెళ్ళిన రోజు నేను బజారుకు పోయాను. ఆ బోర్డు మీద రెండు వరుసలు రాసి వెళ్ళారు. పైన "గేటు వేసుకో". కింద "సాయంత్రానికి వస్తా". ఆ తర్వాత సంగతి నీకు తెలుసు. శవాన్ని తెచ్చిన బండి మర్నాడు పొద్దున వచ్చింది.

బోర్డు తుడవలేదు నేను. లారీలు పోతుంటే పై వరుస ఒక్కో బిళ్ళా నల్లబడుతూ వచ్చింది. నెల తిరిగేసరికి "గేటు వేసుకో" మొత్తం పోయింది. కింది వరుస మాత్రం ఏడాది దాటినా ఒక్క చుక్క కదల్లేదురా. మొన్న కోపం వచ్చి పిడికిలితో గుద్దాను. పై వరుసలో దుమ్ము రాలింది. "సాయంత్రానికి వస్తా" అలాగే ఉంది.

అందుకని గేటు వేయడం లేదు. ఏడాదిగా రోజూ సాయంత్రం తీసే ఉంచుతున్నాను. నన్ను పిచ్చిదాన్ని అనుకున్నా పరవాలేదు.

అక్క

•

ఆఫీసు
జూన్ 19

అక్కా,

ఉత్తరం అందింది. ఆ బోర్డు వెనక పలక విప్పకు. పాతది, చేతికి గీసుకుంటుంది. నేను వచ్చినప్పుడు చూద్దాం.

దరఖాస్తు తిరస్కరిస్తూ కాగితం తయారైంది. సంతకం ఒక్కటే మిగిలింది. బావ ప్రయత్నాలు ఇంటి గోడల మధ్య జరిగినవి. బయట ఎవరికీ తెలియని బోర్డు చట్టం లెక్కలో లేనట్టే. ఉన్న బోర్డు లేదు, లేని మనిషికి మాత్రం కుర్చీ ఉంది. మా ఉద్యోగం ఇలాగే ఏడుస్తుంది.

నిన్న ఆ కుర్చీ తీయించేద్దామని ఎత్తాను. సీటుకీ వీపుకీ మధ్య సందులోంచి ఒక బిళ్ళ జారి కింద పడింది. ఒక వైపు నలుపు, ఒక వైపు పసుపు. ఆవిడ పంపిన నమూనాలో బిళ్ళలు నలుచదరంగా ఉంటాయి, అదీ సీలు వేసిన పెట్టెలో ఉంది. ఇది గుండ్రంగా ఉంది. రేకు కత్తెరతో కోసిన గరుకు అంచు. కుర్చీని మళ్ళీ అక్కడే పెట్టేశాను.

గేటు వేసుకో అక్కా. రోజులు బాగాలేవు.

తమ్ముడు

•

షాపు వెనక గది
జూన్ 24

విప్పకు అన్నావు కాబట్టి విప్పాను. నీకు నా సంగతి తెలియదా?

ఎనిమిది మరలు. పై సగం వెనక ఏమీ లేదు, ఉత్త చెక్క. కింది సగం వెనక తెల్ల రబ్బరు పట్టీలు, వరసగా పదహారు ముక్కలు. ఒక ముక్కకి నా ప్లాస్టర్ అతికించి ఉంది. ఆ ప్లాస్టర్ నాకు తెలుసు. మా ఫ్రిజ్ తలుపు పట్టీ చిరిగితే నేనే వేశాను. ఆ పట్టీ మొత్తం మాయమైన రోజు నేను ఇల్లంతా గోల చేస్తే మీ బావ నా మొహం చూడకుండా "ఎలుకలు" అన్నారు. ఎలుకల మందు కూడా తెచ్చి పెట్టారు. ఎంత నాటకం ఆడారురా.

ముఖ్యమైన చీటీలన్నీ కింది వరుసలోనే ఎందుకు రాసేవారో ఇప్పుడు తెలిసింది. నేను అడిగితే "కిందిది ఆగుతుందిలే" అనేవారు. అలవాటనుకున్నాను.

చెక్క మీద పెన్సిల్‌తో తేదీ వేసి రాసి ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"చిన్నోడికి చూపించాను. ఇందులో ఏముంది అన్నాడు. నిజమే. పై సగం చేయక్కర్లేదు."

కింది వరుస చివర ఒక బిళ్ళ లేదు. గుంత ఖాళీగా ఉంది.

నువ్వు ఆయన్ని ఏమన్నావు?

•

ఆఫీసు
జూన్ 26

అక్కా,

నీ మూడు ముక్కల ప్రశ్న చదివాను.

ఐదేళ్ళ కిందట బావ ఇక్కడికి వచ్చారు. నీకు చెప్పవద్దన్నారు. పేటెంట్ వచ్చాకే చెప్తానన్నారు. సంచిలో ఆ బోర్డు తెచ్చారు. చెప్పులు తలుపు దగ్గర విప్పి, నా ఎదుటి కుర్చీలో కూర్చున్నారు. అది ఖాళీగా ఉంచే కుర్చీ అని ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు. బల్ల మీద నలభై ఫైళ్ళు ఉన్నాయి. ఆయన బోర్డు కింది సగంలో నా పేరు రాసి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపారు. నా పేరు కదల్లేదు. ఆయన మొహం ఎంత వెలిగిందో నేను చూశాను. చూసి కూడా, వెనక పలక విప్పించి రెండు నిమిషాలు పరికించి ఏమన్నానో తెలుసా? "ఇందులో ఏముంది బావా. ఫ్రిజ్ తలుపు తీసినవాడు ఎవడికైనా తడుతుంది ఇది. నిలబడదు."

ఆయన కోప్పడలేదు. "నువ్వు చదువుకున్నవాడివి" అన్నారు. కుర్చీ చేతిని ఒకసారి నిమిరి, బోర్డు సంచిలో పెట్టుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. బిళ్ళ అప్పుడే పడి ఉంటుంది. అలా అనుకుంటేనే నాకు నిద్ర పడుతుంది.

పొడుపు కథ విప్పాక "ఓస్, ఇంతేనా" అంటాం చూడు, నేను చేసింది అదే. జవాబు చూశాక ప్రశ్న ఎవరికైనా తేలికే. ఆ తప్పు చేయకూడదనే పెద్దాయన సొరుగూ కుర్చీ పెట్టింది. బావ ముందూ అదే తప్పు చేశాను, ఈ అంబులెన్స్ ఆవిడ కాగితం ముందూ అదే తప్పు చేశాను. ఆయన్ని నేనే ఆపేశాను అక్కా. ఏడాదిగా నీ ఇంటికి రాకపోవడానికి కారణం పని కాదు. ఆ బోర్డు ఉన్న గదిలో నిలబడలేక.

ఇప్పుడు నేను కాదంటే, బావతో అన్న మాటే నిలుస్తుంది. అవునంటే, బావ చేసింది గొప్ప పనే అని ఒప్పుకున్నట్టు, హక్కు మాత్రం ఎవరో తెలియని ఆవిడకి. బావ పేరు ఎక్కడా ఉండదు. ఆయన నన్ను నమ్మి నాకొక్కడికే చూపించారు, కాబట్టి అది ఆవిడకి అడ్డు కూడా కాదు.

సంతకం చేయలేదు. ఏం చేయమంటావు?

తమ్ముడు

•

షాపు వెనక గది
జూన్ 28

కాదని రాయి. చింపి పారేయి. ఆయనకి దక్కనిది ఇంకెవరికీ దక్కనక్కర్లేదు. నీ మొహం చూపించకు.

(ఇది పోస్టులో వేయలేదు. కింది ముక్క రెండు రోజుల తర్వాత రాస్తున్నాను. రెండూ కలిపే పంపుతున్నాను, నేను ఏమనుకున్నానో నీకు తెలియాలి.)

జూన్ 30

చిన్నోడా,

నీ మీద కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలియదు. నువ్వు ఆ రోజు ఆయనకి ఒక గ్లాసు మంచినీళ్ళయినా ఇచ్చావా అని అడగాలని ఉంది. అడగను.

నిన్న ఫ్రిజ్ తలుపు తీసి పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఈ తలుపు నేను రోజుకి ముప్పైసార్లు తీస్తాను. దానికీ ఆ బోర్డుకీ మధ్య ఒక్క గోడ. పదకొండేళ్ళు అటు ఆయన తల పట్టుకుని కూర్చుంటే, ఇటు నేను తలుపు వేస్తూ తీస్తూ ఉన్నాను. ఆ పట్టీ చప్పుడు ఇద్దరికీ వినిపిస్తూనే ఉంది. బోర్డు పని నాకూ వచ్చు. నాకు తట్టలేదేం? నీ మాట ప్రకారం ఫ్రిజ్ తలుపు తీసినవాడు ఎవడికైనా తట్టాలిగా.

అంటే, ఇట్టే తట్టేది కాదురా అది. ఒక మనిషికి పదకొండేళ్ళకి తట్టింది. ఇంకో మనిషికి ఎంత కాలానికి తట్టిందో ఆవిడనే అడుగు. ఇప్పుడు కాదని రాస్తే నువ్వు రెండోసారి మీ బావతో "ఇందులో ఏముంది" అన్నట్టే. ఆ మాట ఆయన ఒకసారి విన్నారు, చాలు.

మీ బావ అయస్కాంతం కలం పంపుతున్నాను. ఆ బోర్డు మీద రాయాలన్నా చెరపాలన్నా అదొక్కటే. ఇంట్లో ఉంటే నా చేయి ఊరుకోదు, ఏదో ఒక రోజు కింది వరుస తుడిచేస్తాను. నీ ఎదుటి కుర్చీ మీద పెట్టు. కాగితాలు సరిగ్గా పరిచి, ఈసారి సరైన వరుసలో అడుగు.

అక్క

•

ఆఫీసు, మూడో అంతస్తు
జులై 3

అక్కా,

ముందు పై అధికారి దగ్గరికి వెళ్ళి బావ వచ్చిన సంగతి, నేను అన్న మాట, అంతా చెప్పాను. ఆవిడ విని, "అది కూడా ఫైల్లో రాయండి, నేను కూడా చదివి సంతకం పెడతాను" అన్నారు. నెలాఖరు దాటినందుకు చీవాట్లు కూడా పెట్టారు.

నిన్న దరఖాస్తు సొరుగులో బోర్లించి పెట్టాను. మళ్ళీ మొదటినుంచి వెతికి, నలభై ఏళ్ళ కాగితాలు కుర్చీ ముందు పరిచాను. జిగురు పెట్టినవాళ్ళున్నారు. స్ప్రింగు పెట్టినవాళ్ళున్నారు. నూనె పోసినవాళ్ళున్నారు. నీ గచ్చు ఒక్కటే కాదు పాడైంది. ఫ్రిజ్ కాగితం నలభై ఏళ్ళూ వాళ్ళకి చేయి చాపితే అందేంత దూరంలో ఉంది. ఒక్కడూ చాపలేదు. సీటు మీద కలం పెట్టి, "నీకేం తడుతోంది?" అని పైకే అడిగాను. నవ్వితే నవ్వు, సమాధానం కోసం ఆగాను కూడా. గదిలో ఏ చప్పుడూ లేదు. కుర్చీ చేతి మీద మాత్రం ఎవరో నిమిరినట్టు దుమ్ములో ఒక చార ఉంది.

"ఇట్టే తట్టేది కాదు" అని రాశాను. ఇద్దరం సంతకాలు పెట్టాం. అంబులెన్స్ ఆవిడకి పేటెంట్ ఇచ్చాం.

ఈ పొద్దున రెండు కాగితాలూ నేను పెట్టినట్టే ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఊడ్చే ఆవిడ కుర్చీ కింద దాకా చీపురు పోనిచ్చింది. "ఏం సార్, ఎదురు సార్ ఇంటికి వెళ్ళిపోయారా?" అంది. నేను అవునన్నాను. ఎందుకన్నానో తెలియదు.

కలం నా సొరుగులో తాళం వేసి ఉంచాను. బిళ్ళ ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఆదివారం వస్తాను. మొహం చూపించవద్దంటే గేటు దగ్గరే నిలబడతాను.

తమ్ముడు

•

షాపు వెనక గది
జులై 7

చిన్నోడా,

ఆదివారం రా. గేటు దగ్గర నిలబడే వేషాలు వేయకు, తిన్నగా లోపలికి రా. నీతో తగువు పెట్టుకోవాల్సింది చాలా ఉంది, అది గేటు దగ్గర తెమిలేది కాదు.

నీ ఉత్తరం మధ్యాహ్నం అందింది. బిళ్ళ తీసి కింది వరుస చివరి గుంతలో పెట్టాను. టక్కున కూర్చుంది. నలుపు వైపు పైకి ఉంది. "సాయంత్రానికి వస్తా" ఎప్పటిలాగే ఉంది. వెనక పలక బిగించి గోడకి ఆనించి, షాపులోకి పోయి పని చూసుకున్నాను.

సాయంత్రం ఎప్పటిలాగే గేటు తీసి పెట్టి మెట్ల మీద కూర్చున్నాను. ఎవరూ రాలేదు, నా కంటికి కనిపించినవాళ్ళు ఎవరూ రాలేదు. వెలుతురు పోతుండగా ఎందుకో, ఇక చాలు అనిపించింది. ఏడాది తర్వాత మొదటిసారి లేచి గేటు వేసి గడియ పెట్టాను. ఆయన చెప్పిన మొదటి మాట అదే కదా, నేనే వినలేదు.

లోపలికి వచ్చి దీపం వేశాను. బోర్డు కింది వరుస మొత్తం నల్లగా ఉంది. ఒక్క పసుపు బిళ్ళ లేదు.

నేను చెరపలేదురా. మధ్యాహ్నం నుంచి రోడ్డు మీద ఒక్క లారీ కూడా పోలేదు, పోయినా ఆ వరుస కదిలేది కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. కలం నీ సొరుగులో ఉంది. తాళం నీ దగ్గర ఉంది.

గుమ్మం దగ్గరికి వెళ్ళి చెప్పులు ఉన్నాయేమో చూడాలనిపించింది. చూడలేదు. వస్తానన్న మనిషి వచ్చాక ఇక ఆ మాట బోర్డు మీద ఎందుకు అనుకుని, వంటింట్లోకి పోయి రెండు గ్లాసుల్లో మంచినీళ్ళు పోశాను.

నువ్వు వచ్చినప్పుడు గేటు కొట్టు. నేను వచ్చి తీస్తాను. అంతవరకు గడియ వేసే ఉంటుంది.

అక్క